కుంట ఎవరిది?

ధ్యాన భాగములు: ఆదికాండము 26:15–22, సంఖ్యాకాండము 27:1–7, మత్తయి 17:24–27



2023వ సంవత్సరము జూలై నెలలో మన సంఘపు బిడ్డ ఒకడు, విశాఖపట్టణములో పని చేయుచున్నవాడు, సెలవుమీద ఇంటికి వచ్చెను. ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత గుడి ముందరి వేపచెట్టు క్రింద కూర్చుండి అక్కడి సంగతులు చెప్పుచుండెను. ఋషికొండ యను సముద్రతీరమునకు వచ్చు ప్రతి మనిషియొద్ద 20 రూపాయల ప్రవేశ రుసుము తీసికొందుమనియు, ఆ నెల 11వ తేదీనుండి అది అమలగుననియు ప్రకటన వచ్చినదట. పట్టణపు జనులు ఊరకుండలేదు. సముద్రము చూచుటకు పైకమేమని గోల చేయగా, ప్రభుత్వమువారు ఆ మాటను వెనుకకు తీసికొనిరట.

మనవారు పగలబడి నవ్విరి. మనది సముద్రమునకు ఎంతో దూరమైన ఎఱ్ఱనేల, నల్లనేల. మనలో చాలమంది సముద్రమును బైబిలులోనే చూచినవారు. "సముద్రంకు గూడ టికెట్టా? రేపు ఆకాశం జూస్తందుకు గూడ అడుగుతరు" అని ఒక కందిచేను ఆసామి అనెను. నేనును నవ్వితిని. నవ్వుచు తల యెత్తగా నా కన్నులకు మన గుడి ప్రహరీగోడ కనబడెను. అంతటితో నా నవ్వు ఆగిపోయెను. ఎందుకో మీకు చెప్పవలెను. ఈ నెల నా మాట అంతయు దానిని గూర్చియే.

మా ఊరు వికారాబాదు తాండూరుల నడుమనున్న చిన్న పల్లె. గుడి వెనుక ఒక కుంట కలదు. వానలు మంచిగా పడిన యేట సంక్రాంతి దాటిన తరువాతకూడ నీళ్లుండును. గుడి స్థలము పూర్వము మిషనువారు కొనినది, కాగితములన్నియు సరిగా ఉన్నవి. ఆ స్థలము మధ్యనుండి కుంటకు ఒక కాలిబాట పోవుచుండెను. రజకుల ఇండ్లవారు బట్టల మూటలు నెత్తిన పెట్టుకొని ఆ బాటనే పోయెడివారు. బర్రెలు తోలుకొనిపోవు పిల్లలును, అడవి ఆకులేరుకొను ముసలమ్మలును అటే పోయెడివారు. బాట ఎప్పటిదో ఎవరికిని తెలియదు. బహుశః గుడికన్న ముందటిదే.

2022లో మేము గోడ కట్టితిమి. తాండూరు బండలతో, ఆరడుగుల ఎత్తున, చూడముచ్చటగా కట్టితిమి. సంఘస్థులు ఇంటింటికి చందా వేసికొనిరి. కూలి చేసికొను తల్లులుకూడ వంతు తప్పలేదు. గోడ ఎందుకు కట్టితిరని మీరడుగవచ్చును. కారణములు లేకపోలేదు. సాయంకాలమున కొందరు ఆ బాటన పోయి గుడి గోడకు చేరబడి సారా త్రాగెడివారు. సీసాలు పగులగొట్టి పోయెడివారు. ఒక ఆదివారము బడిపిల్ల కాలు తెగెను. బర్రెలు వచ్చి మెట్లమీద పేడ వేసెడివి. గనుక కుంటవైపు దారి మూసివేయుదమని పెద్దలనిరి. గ్రామసభలో కూడ అనుమతి వ్రాయించుకొంటిమి. ఆ కాగితముమీద నా సంతకము కలదు.

ఇక్కడ ఒక మాట దాచకుండ చెప్పెదను. ఆ గ్రామసభ ఎట్లు జరిగెనో నాకు తెలియును. పగలు పదకొండు గంటలకు పెట్టిరి. ఆ వేళకు రజకుల ఇండ్లవారు కుంట దగ్గర నుందురు, కూలివారు చేలలో నుందురు. వచ్చినవారు వ్రేళ్లమీద లెక్కపెట్టదగినవారు. మరునాడు రిజిస్టరు ఇంటింటికి తిరిగెను, సంతకములును వ్రేలిముద్రలును నిండెను. బాట నడిచెడివారి వ్రేలిముద్రలు కొన్ని వారి బాటను మూయు తీర్మానము క్రిందనే పడినవి. చదివి వినిపించినవారు లేరు. నేను చదువుకొన్నవాడను, చూచితిని, పలుకలేదు. అది మన గుడికి మేలైన తీర్మానమని ఊరకుంటిని.

గోడ లేచిన మూడు నెలలకు, ఎండకాలపు తొలిదినములలో, ఒక ముసలి తల్లి నా యింటి వాకిట వచ్చి నిలువబడెను. ఆమె మన సంఘస్థురాలు కాదు. అయినను మన గుడి బల్లమీది తెల్లగుడ్డ ముప్పది యేండ్లనుండి ఉతికి పెట్టుచున్నది ఆ యింటివారే.

"అయ్యగారూ, గోడ మంచిగ కట్టిండ్రు" అనెను.

"ఏమవ్వా, లోపలికి రమ్ము, కూర్చుండుము" అంటిని.

"కూసుండ రాలే అయ్యగారూ. మా అత్త నడిచిన తొవ్వ అది. ఇప్పుడు మైలు దూరం సుట్టు తిరిగి పోతున్నం, తడిబట్టలు మోసుకొని. గోడ మీదే, కాదంటలేను. జాగ గూడ మీదే. మరి కుంట ఎవ్వలది?"

కమిటీలో పెట్టెదనని చెప్పి పంపివేసితిని. కమిటీలో పెట్టెదమను ఈ మాట మన సంఘములలో ఎంతమందిని వాకిట నిలువబెట్టి యెండగట్టినదో దేవునికే తెలియును. ఒక కమిటీ గడిచెను, రెండవది గడిచెను, నేను పెట్టలేదు. ఆ తరువాతనే విశాఖనుండి వచ్చిన ఆ పిల్లవాడు సముద్రపు టికెట్టు సంగతి చెప్పుట, మేము నవ్వుట. ఋషికొండవారు ఇరువది రూపాయలడిగిరి. మేమడిగినది ఒక్క మైలు, తడిబట్టలతో. ఇరువది రూపాయల రుసుము అమలుకు రాకమునుపే ఎత్తివేయబడెను. మా మైలు సంవత్సరము దాటినను నిలిచియున్నది.

సహోదరులారా, ఆ తల్లి అడిగిన ప్రశ్న చిన్నది కాదు. పెద్దపెద్ద న్యాయశాస్త్రులు దానిమీద తలలు బద్దలు కొట్టుకొనియున్నారు. రోమా చక్రవర్తియైన జస్టీనియను క్రీ. శ. 533లో వ్రాయించిన ధర్మశాస్త్ర గ్రంథములో గాలియు, పారెడి నీరును, సముద్రమును, దాని తీరమును స్వభావముచేతనే మనుష్యులందరికి ఉమ్మడివని యున్నది. 1996లో మన దేశపు సుప్రీంకోర్టు, హిమాచలములోని బియాసు నదీతీరమున ఒక హోటలు కంపెనీ విషయమై వచ్చిన వ్యాజ్యములో, ఆ పాత సూత్రమునే ఎత్తి చూపెను. నదులు, తీరములు, అడవులు మొదలగువాటికి ప్రభుత్వము యజమాని కాదనియు, ప్రజల కొరకు వాటిని కాపాడు ధర్మకర్త మాత్రమేననియు తీర్పు చెప్పెను. మనకు ఈ మాట క్రొత్తది కాదు. బైబిలులో దీనికి గృహనిర్వాహకుడని పేరు. ఇల్లు తనది కాదు, తాళపుచెవులు మాత్రము తన చేతిలో నుండును. చెవులు చేతిలో నుండుటచేత ఇల్లే తనదని తలంచుట గృహనిర్వాహకులకు వచ్చు పాత రోగము.

ఇక మన పల్లెలలో ఈ తాళపుచెవులు ఎవరి చేతిలో నున్నవి? 1959లో నెహ్రూగారు మన పొరుగుననే, షాద్‌నగరులో, ఈ రాష్ట్రపు పంచాయతీరాజ్యమును ప్రారంభించిరి. అధికారము పట్టణపు కచ్చేరీలనుండి పల్లెకు దిగివచ్చునని ఆనాడు మన పెద్దలు సంతోషించిరి. తరువాత 73వ రాజ్యాంగ సవరణ వచ్చి 1993 ఏప్రిల్ 24నుండి అమలాయెను. గ్రామసభ అనగా సర్పంచియు కాదు, పాలకవర్గమును కాదు, ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాడును ప్రతి స్త్రీయునని అందులో స్పష్టముగా నున్నది. 1994 చట్టము పశువుల మేతబీడులు, కళ్లములు, శ్మశానములు, బండ్లు నిలుపు స్థలములు, తోపులు మొదలగువాటిలో ప్రభుత్వమునకు అక్కరలేనివాటిని గ్రామపంచాయతీకి అప్పగించెను. 2018లో తెలంగాణ ప్రభుత్వము పంచాయతీ చట్టమును మరల క్రొత్తగా వ్రాసెను. చిన్న తండాలుకూడ పంచాయతీలై, వాటి సంఖ్య 12,000 దాటెను. గ్రామసభ కనీసము రెండు నెలలకొకసారి కూడవలెనని అందులో నియమము. మంచి నియమమే. దానిలో తప్పెన్నుటకు నాకేమియు కనబడదు. మా గోడ లేచినది ఆ మంచి నియమము క్రిందనే.

ఈ మాట చెప్పునప్పుడు మా సంఘములోని ఎనుబదియేండ్ల పెద్ద ఒకాయన జ్ఞాపకమునకు వచ్చుచున్నాడు. తన చిన్నతనమున ఊరబావి దగ్గర తన తల్లి ఖాళీకడవతో దూరముగా నిలువబడి, ఎవరైన దయతలచి రెండు చేదలు పోయుదురా యని కనిపెట్టుకొనియుండెనని ఆయన చెప్పును. కొన్ని దినములు మధ్యాహ్నమువరకు నిలిచెడిదట. కడవ మీదికి నీళ్లు పైనుండి పోయుదురు, చెంబు తగులనీయరు. మన తాతముత్తాతలు సువార్తను విన్నది ఆ బావి గట్టుకు దూరముగా నిలిచిన కాళ్లతోనే. సమరయ స్త్రీని యేసుప్రభువు దాహమునకిమ్మని అడిగెనను కథ (యోహాను 4) మన వాడలలో మొదట చెప్పబడినప్పుడు, విన్నవారు ఏడ్చిరనుటలో ఆశ్చర్యమేమి?

చట్టము ఒకటి, నడక మరియొకటి యని మనవారికి ఎవరును నేర్పనక్కరలేదు. అయినను మహారాష్ట్రములో జరిగిన ఒక సంగతి చెప్పుట మంచిది. 1923లో బొంబాయి శాసనమండలి, ప్రజల సొమ్ముతో నడుచు చెరువులును బావులును బడులును అంటరానివారనబడినవారికి కూడ తెరువవలెనని తీర్మానించెను. మరుసటి యేట మహద్ అను ఊరి పురపాలక సంఘము తన చవదార్ చెరువు అందరికిని తెరిచితిమని వ్రాసికొనెను. కాగితము తెరువబడెను, చెరువు తెరువబడలేదు. పశువులు త్రాగుచునే యుండెను; ఆ మనుష్యులు మాత్రము ముట్టలేకపోయిరి. 1927 మార్చి 20న డాక్టరు అంబేద్కరుగారు వేలమందితో నడిచిపోయి ఆ నీటిని దోసిట పట్టి త్రాగిరి. ఆ దినమే వారిలో అనేకులు దెబ్బలు తినిరి. ఇంతలో ఆగస్టు నెలలో అదే పురపాలక సంఘము తన తీర్మానమును తానే రద్దు చేసికొనెను. చెరువు తమ సొంతమని ఊరివారు కోర్టుకెక్కిరి. అనాదిగా వచ్చిన ఆచారమని వారు రుజువుచేయలేకపోగా, 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు అంబేద్కరుగారి పక్షముగా తీర్పు చెప్పెను. ఒక దోసెడు నీటికి పదేండ్లు పట్టెను.

నేను ఈ చరిత్రను యౌవనస్థుల కూటములలో ఎన్నిమారులో చెప్పియున్నాను. చెప్పునప్పుడెల్ల నా గొంతు పూడుకొనిపోవును. మన గోడ కట్టునప్పుడు మాత్రము అది జ్ఞాపకమునకు రాలేదు. బావినుండి నెట్టివేయబడినవారి మనుమలము మేము. మాకు సొంత స్థలము దొరికెను, సొంత కాగితములు దొరికెను, గ్రామసభలో నలుగురు మనవారుండిరి. మొట్టమొదట చేసినదేమనగా, మాకన్న బలహీనులైనవారి నీటిదారి మూసితిమి. కుల పెద్దలు మూయలేదు, దొరలు మూయలేదు. మేమే మూసితిమి, ప్రార్థన చేసి పునాదిరాయి వేసితిమి.

ఇస్సాకు బావుల కథను ఆ రాత్రి మరల తెరిచి చదివితిని. అబ్రాహాము త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చిరి. ఇస్సాకు మరల త్రవ్వించెను. గెరారు కాపరులు వచ్చి నీళ్లు మావేనని జగడమాడిరి. ఆయన దానికి ఏశెకు అని పేరుపెట్టి విడిచిపోయెను. రెండవదానికి శిత్నా అని పేరుపెట్టి విడిచిపోయెను. మూడవదానికి జగడము రాలేదు గనుక రహెబోతు అనెను. ఈ భాగముమీద నేను ప్రసంగించినప్పుడెల్ల ఇస్సాకు శాంతమును, ఓర్పును మెచ్చుకొనియున్నాను. మనమును అట్లే జగడము విడిచి ముందుకు పోవలెనని చెప్పియున్నాను. ఆ రాత్రి రెండు సంగతులు నాకు తట్టెను. ఇస్సాకునకు గొఱ్ఱెలు, పశువులు, పనివారు విస్తారముగా నుండిరి; ఒక బావి పోయిన మరియొకటి త్రవ్వించుకొన శక్తి కలదు. వాకిట నిలిచిన ఆ అవ్వకు మరియొక కుంట ఎక్కడ? ఆమెకు ఓర్పు నేర్పుట నాకు తగునా? రెండవది ఇంకను బాధకరమైనది. ఇన్ని యేండ్లు ఆ కథలో నన్ను నేను ఇస్సాకు ప్రక్కన నిలువబెట్టుకొనియుంటిని. మన ఊరి కథలో నేను గెరారు కాపరిని.

సెలోపెహాదు కుమార్తెల సంగతియు ఇటువంటిదే. తండ్రికి కుమారులు లేరు, ధర్మశాస్త్రములో కుమార్తెలకు స్వాస్థ్యము లేదు. వారు ప్రత్యక్షపు గుడారపు ద్వారమునకు వచ్చి, మోషే యెదుటను యాజకుని యెదుటను ప్రధానుల యెదుటను నిలిచి, మా తండ్రి పేరు ఎందుకు మాసిపోవలెనని అడిగిరి. మోషే ఏమి చేసెను? చట్టములో లేదని పంపివేయలేదు. ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారు చెప్పినది న్యాయమేనని దేవుడు చెప్పి, ఇశ్రాయేలీయులందరికి చట్టమునే మార్చెను. చట్టము మారుటకు కారణము ప్రధానుల జ్ఞానము కాదు, ద్వారమున వచ్చి నిలిచినవారి ప్రశ్న. పంచాయతీ చట్టమును ఎన్నిమారులైనను మార్చుకొనవచ్చును. ద్వారమున ఎవరు నిలువగలరు, నిలిచినప్పుడు లోపలివారు వినుచున్నారా యనునది ఏ చట్టమును వ్రాసి పెట్టజాలదు. గ్రామసభ కూలివారికి వీలగు సాయంకాలమున పెట్టుట సర్పంచి చేతిలోని పని. రిజిస్టరు చదివి వినిపించుట, చదువు వచ్చిన ఎవరైనను చేయదగిన పని. నేను చేయనిది అదియే.

అయితే ఎదుటివారి మాటయు వినవలెను గదా. మా పెద్దలలో ఒకాయన, నిష్కపటమైన మనిషి, ఇట్లనెను: "అయ్యగారూ, అందరిది అంటే ఎవ్వలది గాదు. అందరికి తెరిస్తె సీసలు ఎవరు ఏరాలె?" ఇది త్రోసివేయదగిన మాట కాదు. అనంతగిరి కొండలకు ఆదివారములు హైదరాబాదునుండి వచ్చువారి వాహనములు చూడుడి. కోట్‌పల్లి జలాశయపు ఒడ్డున పడవలెక్కి పోయినవారు విడిచిన కాగితపు పళ్లెములు చూడుడి. మూసీ నది పుట్టు కొండ అది. పుట్టినచోటనే దానికి మన చెత్త ఎదురగుచున్నది. ఋషికొండ తీరమునకును 2020లో పరిశుభ్రతకై బ్లూ ఫ్లాగ్ అను అంతర్జాతీయపు గుర్తింపు వచ్చియుండెను. అటువంటి తీరమును ఊడ్చుటకు మనుష్యులు కావలెను, మనుష్యులకు జీతము కావలెను. ఉచితముగా ఊడ్చువారెవరు?

మత్తయి సువార్తలో అర షెకెలు పన్ను అడిగినవారి కథ కలదు. భూరాజులు పన్ను ఎవరియొద్ద తీసికొందురు, కుమారులయొద్దనా అన్యులయొద్దనా యని ప్రభువు పేతురును అడిగెను. అన్యులయొద్దనే యని పేతురు చెప్పగా, అట్లయిన కుమారులు స్వతంత్రులని ఆయన చెప్పెను. ఇంతవరకు చదివి ఆపినయెడల ఋషికొండ రుసుము పాపమని మనము సులభముగా తేల్చివేయవచ్చును. కాని ఆయన అక్కడ ఆపలేదు. వారికి అభ్యంతరము కలుగకుండునట్లు గాలము వేసి చేపను పట్టుమని పంపి, ఆ చేపనోటి నాణెముతో ఆ పన్ను కట్టించెను. గనుక ఈ భాగమును కఱ్ఱవలె పట్టుకొని ఎవరిని కొట్టుటకును వీలులేదు. నాకు తోచినది మాత్రము చెప్పెదను. ఇంటి కుమారుని ఇంటి ఖర్చునకు చేయి వేయుమనుట న్యాయమే. అతనిని వాకిట నిలిపి లోపలికి వచ్చుటకు ధర చెప్పుట వేరు. ఊడ్చువాని జీతమునకు ఊరంతయు పన్ను వేసికొనవచ్చును, వాహనము నిలుపువానిని అడుగవచ్చును, చెత్త వేసినవానికి జరిమానా వేయవచ్చును. కాపలా వేరు, తాళము వేరు. మా గుడి దగ్గర త్రాగుబోతులకు కాపలా పెట్టవలసినచోట బట్టలుతుకు తల్లికి తాళము పెట్టితిమి. ఎందుకనగా తాళము చౌక. కాపలా ఉన్నయెడల ఒకడు రాత్రి మేలుకొనవలెను.

ఈ విషయమున ప్రభుత్వములు చేయు పనులను కూడ మనము చూడవలెను. మన జిల్లాలోనే, పూడూరు మండలపు దామగుండము అడవిలో, నౌకాదళమువారి రేడియో కేంద్రమునకు 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ గారు శంకుస్థాపన చేసిరి. అడవి సుమారు 2,900 ఎకరములు. అందులో రామలింగేశ్వరుని గుడియు కలదు. దేశరక్షణకు అటువంటి కేంద్రము అక్కరయా యను సంగతి తేల్చుట నాబోటివానికి తగదు. చుట్టుప్రక్కల పల్లెలవారికి కలిగిన భయములలో ఒకటి మాత్రము నాకు బాగుగా తెలియును: మా గుడికి దారి యుండునా యని. దారి ఉంచెదమని పెద్దలు మాట ఇచ్చిరి. అది మన గుడి కాదు గదా యని కొందరు క్రైస్తవులు నాతో అనిరి. పొరుగువాని పూజామందిరమునకు దారి మూయబడిన దినమున ఊరకున్నవాడు, తన మందిరమునకు దారి మూయబడిన దినమున ఏ ముఖముతో మాటలాడును? ప్రతి నవంబరులో ధారూరు జాతరకు మనవారు వేలాదిగా మూటాముల్లెతో వచ్చి చెట్ల నీడను దిగుదురు. వంటకు నీళ్లు కావలెను, పిల్లలకు నీడ కావలెను. ఆ దినములలో చుట్టుప్రక్కల ఊళ్లవారు మనకు దారి ఇచ్చుచున్నారు, నీళ్లు ఇచ్చుచున్నారు. వారిలో మన మతమువారు ఎందరు?

మా సంగతికి వచ్చెదను. 2023 ఆగస్టులో నేను ఆ విషయమును కమిటీలో పెట్టితిని. నాలుగు గంటలు జగడము జరిగెను. చందా ఇచ్చి కట్టిన గోడ పగులగొట్టుటయా యని ఒకాయన లేచి వెళ్లిపోయెను. ఆయన ఇప్పటికిని నాతో ముభావముగనే యున్నాడు. ఆయన కోపము అబద్ధము కాదు; ఆయన ఇచ్చిన చందా ఒక నెల కూలి. అవ్వను పిలిపించి సభలో కూర్చుండబెట్టితిమి. ఆమె ఎక్కువ మాటలాడలేదు. "తాగేటోళ్లను మా పోరగాళ్లు గూడ కాపలా కాస్తరు, ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క ఇల్లు" అనెను. మా పెద్దలలో ఎవరికిని తోచని ఉపాయమది. ఎనుబదియేండ్ల పెద్దాయన చివరకు లేచి, తన తల్లి ఖాళీకడవ సంగతి మరల ఒకసారి చెప్పి కూర్చుండెను. తీర్మానము అంతటితో అయిపోయెను. గోడలో ఆరడుగుల వెడల్పున బండలు తీసివేసి దారి ఇచ్చితిమి.

తరువాత 2024 ఫిబ్రవరిలో పాత పాలకవర్గముల గడువు తీరెను. 2025 డిసెంబరు ఎన్నికలవరకు మన పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలోనే నడిచినవి. అనగా తాళపుచెవులు మరల కచ్చేరీకి పోయినవి. ఇప్పుడు క్రొత్త సర్పంచులు వచ్చిరి. మా ఊరిలో ఒక మాట వినబడుచున్నది. హైదరాబాదువారెవరో కుంటగట్టు కౌలుకు తీసికొని, చుట్టు తీగె కట్టి, పడవలును ఫలహారశాలయు పెట్టెదరనియు, ఏటేట పంచాయతీకి మంచి పైకము ఇచ్చెదరనియు అనుచున్నారు. అబద్ధమైనను కావచ్చును. నిజమైనయెడల ఊరికి లాభమును కలదు. బడికి గదులు కావలెను, మురుగుకాలువలు కావలెను. మన యౌవనస్థులు నాయొద్దకు వచ్చి, అయ్యగారూ, ఇటువంటి విషయములలో సంఘము నోరు తెరువవచ్చునా, ఇది రాజకీయము గదా యని అడిగిరి.

గ్రామసభ ఏ గంటకు పెట్టుచున్నారో మొదట కనుగొనుడని వారికి చెప్పితిని. అది పగలైతే సాయంకాలమునకు మార్చుమని ఇప్పుడే వ్రాసి ఇయ్యుడి. రజకుల ఇండ్లకు, చేపలు పట్టు ఇండ్లకు, బర్రెలున్న ఇండ్లకు మీరు స్వయముగా పోయి, సభలో చదువబోవు కాగితము వారికి ముందే చదివి వినిపించుడి. ఔనని చెప్పినను కాదని చెప్పినను వారి నోటనే రానియ్యుడి, మీరు చెప్పకుడి. మన గోడ విషయమై మేము చేసినది దాచకుండ సభలో చెప్పుటకు నేను సిద్ధముగా నున్నాను.

గోడలోని ఆ దారికి తలుపు పెట్టవలెనా యని మొన్న మరల ప్రశ్న వచ్చెను. ఇంకను తేలలేదు. గడచిన ఆదివారము రెండవ కీర్తన పాడుచుండగా ఒక బర్రె ఆ దారిన వచ్చి గుడి మెట్లకెదుట నిలిచి మమ్ములను చూచెను. పిల్లలు నవ్విరి. అవ్వ మనుమడు పరుగెత్తివచ్చి దానిని కుంటవైపు తోలుకొనిపోయెను, మేము పాట సాగించితిమి.